పెద్ద ఉమ, చిన్న ఉమ

ముందే చెప్తున్నా, టీ గ్లాసు కింద పెట్టి వినండి. నవ్వొచ్చి మీద ఒలకబోసుకుంటే నాకు సంబంధం లేదు.

పెళ్ళయి రెండేళ్ళు కావస్తోంది. అందులో నేను పెళ్ళాంతో కాపురం చేసింది గట్టిగా ఐదు వారాలు. అలాంటి నాకు ఇద్దరు కూతుళ్ళు ఉన్నారనీ, వాళ్ళని నేను దాచిపెట్టాననీ ఏకంగా కెనడా నుంచి ఉత్తరం వచ్చింది! దానికి కారకుడు పరాయివాడెవడో అయితే నాలుగు తిట్టి ఊరుకునేవాణ్ణి. కారకుణ్ణి నేనే.

మా ఆవిడ స్వప్నది చింతలపూడి. కెనడాలో నర్సు, అక్కడ పర్మనెంట్. నాదేమో నూజివీడులో మామిడికాయల వ్యాపారం. అమ్మా నేనూ కలిసి షాపు చూసుకుంటాం. స్వప్న పెళ్ళికని వచ్చింది, ఐదు వారాలుంది, సెలవు అయిపోయింది, వెళ్ళిపోయింది. వెళ్ళగానే నన్ను స్పాన్సర్ చేస్తూ ఫైల్ పెట్టింది. "ఏడాదిలో వచ్చేస్తావు కిశోర్, స్వెట్టర్లు కొనుక్కో" అంది. కొనుక్కున్నా. మా మార్కెట్లో ఫ్రెండ్స్ ఇంకో అడుగు ముందుకేసి, హనుమాన్ జంక్షన్లో హోటల్‌కి తీసుకెళ్ళి సెండాఫ్ కూడా ఇచ్చేశారు. దండేశారు. స్పీచులిచ్చారు. నేను ఏడ్చాను కూడా!

ఆ ఏడుపు ఏడ్చి ఏడాది దాటిపోయింది. రోజూ పళ్ళు తోముకోకముందే ఫోన్లో కెనడా వీసా సైట్ తెరవడం, "పరిశీలనలో ఉంది" అని చదవడం, మూసేయడం. దండేసినవాళ్ళు ఎదురొస్తే సందులోకి తిరిగిపోవడం. ఒకరోజు బజార్లో ఓ పెద్దాయన పట్టేసుకున్నాడు. "ఏంటి కిశోర్, కెనడా నుంచి ఎప్పుడొచ్చావ్?"

నిజం చెప్పాలంటే అరగంట పడుతుంది. ఎండగా ఉంది. "మొన్ననే అండీ" అనేశా.

"చలి ఎలా ఉందక్కడ?"

"పర్లేదండీ, అలవాటైపోయింది."

సరే, పంతొమ్మిదో నెలలో మెయిల్ వచ్చింది. ఎగిరి గంతేశా. తీరా తెరిస్తే, "మీ వివాహ బంధం నిజమైనదే అనడానికి అదనపు ఆధారాలు పంపండి, దంపతుల మధ్య సంభాషణలు వగైరా. ముప్ఫై రోజులు గడువు." అంతే కాదు, సంభాషణలు ఇంగ్లీషులో లేకపోతే అనువాదం చేయించాలి. అనువదించినవాళ్ళు అక్షరం పొల్లుపోకుండా చేశామని నోటరీ ముందు అఫిడవిట్ ఇవ్వాలి. బంధువులు చేయకూడదు.

ఆ రాత్రి కూర్చుని మా వాట్సాప్ చాట్ మొత్తం వెనక్కి జరిపి చూశా. ఏడాదిన్నర ప్రేమకథ ఎలా ఉందంటారా? "తిన్నావా?" "తిన్నా." "నువ్వు?" "తిన్నా." "స్టేటస్ చూశావా?" "చూశా." "మారిందా?" "లేదు." మధ్యలో బంగినపల్లి రేటు. ఇది చదివితే మొగుడూ పెళ్ళాలనుకుంటారా, హాస్టల్ వార్డెనూ స్టూడెంటూ అనుకుంటారా? అందుకని కాస్త ప్రేమ కనబడే పేజీలు ఏరి, ఓ అరవై ప్రింట్లు తీయించా. అన్నీ తెలుగే గానీ, ఇంగ్లీష్ అక్షరాల్లో కొట్టుకున్నవి.

విజయవాడలో అనువాదం చేసేవాళ్ళని అడిగితే నెలన్నర పడుతుందన్నారు. అప్పుడు గుర్తొచ్చారు మా సోమయాజులు మాస్టారు. హైస్కూల్లో మాకు ఇంగ్లీష్ చెప్పి రిటైరయ్యారు. స్పెల్లింగ్ తప్పు రాస్తే సరైన స్పెల్లింగ్ వందసార్లు రాయించేవారు. డెబ్భై నాలుగేళ్ళొచ్చినా మనిషి చెక్కుచెదరలేదు.

కాగితాలు చేతిలో పెట్టగానే, "అఫిడవిట్ మీద సంతకం పెడుతున్నాను కాబట్టి ఒక్క మాట వదలను, ఒక్క మాట కలపను. సరేనా?" అన్నారు.

"అంతకన్నా ఏం కావాలి మాస్టారూ!"

"మొగుడూ పెళ్ళాల మాటలు కదా, నేను ఆరాలు తీయను. నువ్వూ చెప్పొద్దు. ఉన్నది ఉన్నట్టు రాస్తాను."

అసలు కొంప అక్కడే మునిగింది. పాపం ఆయన మర్యాద ఆయనది. పన్నెండు రోజుల్లో పూర్తి చేసి, టైపు చేయించి, సంతకాలతో సహా ఇచ్చారు. ఇస్తూ కళ్ళజోడు తీసి తుడుచుకుని, "పిల్లలు జాగ్రత్తరా నాయనా" అన్నారు. ముప్ఫై ఏళ్ళు బడిలో పనిచేసిన మనిషి, నోటికి అదే అలవాటేమోలే అనుకుని "అలాగే మాస్టారూ" అన్నా.

నేను చదివింది ఎంత? మొదటి పేజీ. "నీవు భుజించితివా?" "భుజించితిని." ఇంగ్లీషులో అంత గంభీరంగా ఉంది. బ్రహ్మాండం అనుకున్నా. అప్పుడే కాయ కోతకొస్తోంది, చాట్రాయి నుంచి లోడు దిగుతోంది, గడువు ఇంకో రోజే ఉంది. మిగతా యాభై తొమ్మిది పేజీలు ఎవడు చదువుతాడు? అప్‌లోడ్ కొట్టేశా.

ఐదు వారాలకి మళ్ళీ మెయిల్. ఈసారి వెంటనే వచ్చిందేంటా అని ఆశగా తెరిచా. తెలుగులో చెప్పాలంటే ఇదీ సంగతి:

"మీ సంభాషణల్లో దాదాపు ప్రతిరోజూ 'పెద్ద ఉమ', 'చిన్న ఉమ' అనే ఇద్దరి ప్రస్తావన ఉంది. దరఖాస్తులో వారి వివరాలు లేవు. వారు మీ సంతానమైతే జనన ధ్రువీకరణ పత్రాలు పంపండి. ప్రస్తుతం వారు ఎవరి సంరక్షణలో ఉన్నారో తెలపండి. కుటుంబ సభ్యుల వివరాలు దాచడం దరఖాస్తు తిరస్కరణకు దారితీయవచ్చు."

ఉమ ఎవరు? మా ఇంటా వంటా ఉమలు లేరు. స్వప్న తరఫునా లేరు. ఆ అనువాదం తీసి రెండో పేజీ నుంచి చదవడం మొదలుపెట్టా. చదువుతుంటే అర్థమైంది. నెత్తిమీద చేతులు పెట్టుకుని బుట్టల మధ్యే కూలబడ్డా.

అవి ఉమలు కావండీ. ఉమ్మాలు. ఫోన్ పెట్టేసే ముందు ప్రపంచంలో ప్రతి కొత్త జంటా ఒకళ్ళకొకళ్ళు పంపుకునే ఉమ్మా! ముద్దు! పైగా మా ఊళ్ళో రసాలు పెద్ద రసం, చిన్న రసం అని రెండు రకాలు కదా, ఆ సరదాలో మేం ఉమ్మాలు కూడా పెద్దవీ చిన్నవీ అని రెండు రకాలు పెట్టుకున్నాం. ఇంగ్లీష్ అక్షరాల్లో ఒకటే 'm'తో 'uma' అని కొట్టినవి మాస్టారు చూశారు, ఎవరో ఆడపిల్లలు కాబోలనుకున్నారు, ఆరా తీయనని మాటిచ్చారు కాబట్టి తీయలేదు!

కెనడా ఆఫీసరు చదివినవి ఎలా ఉన్నాయో వినండి.

"ఈరోజైనా పెద్ద ఉమను పంపుము."

"నైట్ డ్యూటీ చేసి అలసిపోయాను. చిన్న ఉమతో సరిపెట్టుకొనుము."

"నీ ఉమ నాకు అందలేదు."

"ఇక్కడ సిగ్నల్ లేదు. ఉమను మరల పంపుచున్నాను."

వీటన్నిటికీ శిఖరం ఒకటుంది. నేను ముద్దుగా "ఇవాళ కూడా చిన్న ఉమ్మా ఇచ్చావంటే చంపేస్తా" అని పెట్టా. మాస్టారు ఒక్క మాట వదల్లేదు కదా! "నేడు కూడా చిన్న ఉమను ఇచ్చినచో చంపెదను." ఇక వాళ్ళు పిల్లలు ఎవరి సంరక్షణలో ఉన్నారని అడగరా!

స్వప్నకి ఫోన్ చేశా. విషయం వినగానే, "నాకు ఇద్దరు కూతుళ్ళా? నేను పనిచేసేదే మెటర్నిటీ వార్డులో కిశోర్, నా డెలివరీ నాకే తెలియకుండా ఎప్పుడైంది?" అని గట్టిగా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే గొంతు మారిపోయింది. "రిజెక్ట్ చేస్తే మళ్ళీ మొదట్నుంచి పెట్టాలి. నా వల్ల కాదు ఇంక. ఒక్కదాన్నే ఇంటికొచ్చి ఒక్కదాన్నే తినడం..." అంది. అప్పుడు మాత్రం నాకు నిజంగా భయమేసింది. "నేను చూసుకుంటాగా" అన్నా. చూసుకోకపోవడం వల్లే ఇంత వచ్చిందని ఆమె అనలేదు. మంచిది.

మాస్టారింటికి పరిగెత్తా. వరండాలో పేపరు చదువుకుంటున్నారు. ఆయనతో ఈ ముక్క ఎలా చెప్పాలి?

"మాస్టారూ... ఆ ఉమ... అమ్మాయి కాదండీ."

"మరి అబ్బాయా?"

"మనిషే కాదండీ. అది... శబ్దం."

"శబ్దమా? ఏ శబ్దం?"

చేతులు నలుపుకుంటూ, నేల చూపులు చూస్తూ చెప్పా. ఆయన అనుమాన నివృత్తి కోసం కాబోలు, పెదాలు ముడిచి నెమ్మదిగా "ఉమ్మా..." అన్నారు. నిజమే, శబ్దం వచ్చింది. ఇంకోసారి కాస్త గట్టిగా "ఉమ్మా!" అన్నారు.

లోపల్నుంచి వాళ్ళావిడ సుందరమ్మ గారు, "ఏవండోయ్, ఎవరది? ఉమ ఎవరు?" అంటూ గరిటెతో బయటికొచ్చారు.

మాస్టారు కెనడాకి ఏం చెప్పాలా అనే కంగారు మర్చిపోయి, ముందు ఆవిడకి ఏం చెప్పాలా అనే కంగారులో పడ్డారు. చివరికి నన్నే చెప్పమన్నారు. ఆవిడ విని కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయారు. వంటింట్లోంచి గిన్నెలు పడ్డ చప్పుడు.

"తప్పు నాది. సవరణ నేనే రాస్తాను" అని మాస్టారు కాగితం అందుకున్నారు. రెండు పేజీల వివరణ! "ఉమ్మా అనునది వ్యక్తి కాదు. పెదవులు కలిసి విడివడునప్పుడు వెలువడు ధ్వనికి అనుకరణము. పెద్ద, చిన్న అను విశేషణములు ధ్వని నిడివిని తెలుపును. 'చంపెదను' అనునది ఈ ప్రాంతపు దంపతుల మధ్య ప్రేమసూచకము." ఇదంతా ఇంగ్లీషులో, ఎక్కడా ఒక్క కామా తప్పు లేకుండా.

నోటరీ దగ్గరికి మాస్టారూ, అమ్మా, నేనూ వెళ్ళాం. పిల్లలు లేరని ఇంటి పెద్దగా అమ్మ కూడా సాక్షి సంతకం పెడితే బాగుంటుందని మాస్టారే అన్నారు. ఆ నోటరీ లాయరు గారికి ఇంగ్లీష్ కాగితమైనా తెలుగులో అర్థం చెప్పుకుంటూ బయటికి చదివే అలవాటు. బయట బెంచీ మీద పొలం రిజిస్ట్రేషన్ పనికొచ్చినవాళ్ళు ఆరుగురున్నారు. "పెదవులు కలిసి విడివడునప్పుడు" దగ్గరికి వచ్చేసరికి వాళ్ళంతా లేచి గుమ్మం దగ్గరికొచ్చేశారు.

లాయరు గారు కళ్ళజోడు పైనుంచి అమ్మ వైపు చూసి, "ఏమ్మా, మీ అబ్బాయికి పిల్లల్లేరని మీకు ఖచ్చితంగా తెలుసా?" అన్నారు.

అమ్మకి ఒళ్ళు మండింది. "ఎలా ఉంటారు బాబూ? వీడిక్కడ, అదక్కడ! పిల్లలు కావాలనే కదా వీణ్ణి తొందరగా పంపించమని నేను మొత్తుకుంటోంది! అది కూడా రాయండి ఆ కాగితంలో!"

గుమ్మం దగ్గర ఆరుగురూ చప్పట్లు. నేను తలకాయ ఎక్కడ పెట్టుకోవాలో తెలియక స్టాంపు ప్యాడ్ వంక చూస్తూ నిలబడ్డా. ఆ సాయంత్రానికల్లా మార్కెట్ యార్డులో నా పేరు ముందు ఇంటిపేరు మారిపోయింది. అదేంటో మీరే ఊహించుకోండి.

వివరణ పంపేశాం. ఇక ఎదురుచూపు. టెన్షన్ వస్తే కొందరు గోళ్ళు కొరుక్కుంటారు, కొందరు సిగరెట్లు కాలుస్తారు. నాకా అలవాట్లు లేవు. సీజన్ మంచి ఊపు మీద ఉంది, షాపు నిండా పండ్లు. పొద్దున షాపు తెరవగానే రెండు రసాలు. మెయిల్ రాలేదని తెలిశాక ఇంకో రెండు. మధ్యాహ్నం అన్నంలోకి ఒకటి. రిజెక్ట్ చేస్తారేమో అన్న ఆలోచన వస్తే అదనంగా ఒకటి. ఆ ఆలోచన రోజుకి నాలుగైదుసార్లు వచ్చేది.

నాలుగు వారాలకి వచ్చిందండీ మెయిల్! వివరణ అందింది, ఆ విషయం ముగిసింది, మొదట్లో చేయించుకున్న మెడికల్ పరీక్షల గడువు దాటిపోయింది కాబట్టి మళ్ళీ చేయించుకోండి అని. అంటే ఫైల్ కదిలినట్టే! స్వప్న అక్కడ, అమ్మ ఇక్కడ ఏడుపులూ నవ్వులూ. మాస్టారు ఆ మెయిల్‌లో కూడా ఒక వ్యాకరణ దోషం పట్టుకుని సంతోషించారు.

మర్నాడే బస్సెక్కి హైదరాబాద్ వెళ్ళా. బరువు, బీపీ, ఎక్స్‌రే, రక్తం, అన్నీ ఇచ్చా. డాక్టరమ్మ రిపోర్టు చూసి నా వైపు చూసింది.

"షుగర్ ఉందా మీకు?"

"లేదండీ. మా వంశంలోనే లేదు."

"ఇందులో దండిగా ఉంది. ఏ ఊరు మీది?"

"నూజివీడండీ."

పెన్ను పక్కన పెట్టేసింది. "రోజుకెన్ని తింటున్నారు?"

"ఎనిమిది, తొమ్మిది... చిన్నవేనండీ."

"ఇది ఇలా పంపను. నెల రోజులు మామిడిపండు ముట్టుకోకుండా ఉండి, మళ్ళీ రండి. అప్పుడు చూద్దాం."

బస్‌స్టాండ్ నుంచి స్వప్నకి ఫోన్ చేశా. "మెడికల్ ఇంకో నెల లేటవుతుంది" అన్నా.

"మళ్ళీ ఏం అడిగారు వాళ్ళు?"

"వాళ్ళేం అడగలేదు స్వప్నా. ఈసారి లేటు నాదే."

జరిగింది విని ఆమె ఫోన్ పెట్టేసింది. పెద్దదీ లేదు, చిన్నదీ లేదు.

ఇవాళ్టికి పదకొండో రోజు. చుట్టూ పండ్ల గుట్టలు, మధ్యలో నేను, చేతిలో కీరదోసకాయ ముక్క. వచ్చినవాళ్ళంతా ఒకటే ప్రశ్న, "పండు తియ్యగా ఉంటుందా బాబూ?" ఇదివరకు కోసి రుచి చూపించేవాణ్ణి. ఇప్పుడు ఆ శ్రమ లేదు. నా రిపోర్టు తీసి చూపిస్తున్నా.