ఖాదర్ గారి రాతి వాచీ

ఎండాకాలంలో కూడా పొద్దున్నే ఈ రాతి వాచీ పెట్టుకుంటే మణికట్టు చల్లగా జివ్వుమంటుంది. వెంటనే ఖాదర్ గారు గుర్తొస్తారు. గవర్నర్‌పేటలో ఆయనకు వాచీల దుకాణం ఉండేది. తొంభైల్లో, చదువు అయ్యీ అవగానే నేను అక్కడ సేల్స్‌గర్ల్‌గా చేరాను. ఆయన మనసు వెన్నే, కోపం వస్తే మాత్రం చెయ్యి ఆగేది కాదు. మనుషుల మీద కాదు లెండి, కౌంటరు మీద. ఎడమచేత్తో దభీమని ఒక్కటి చరిచేవారు. కౌంటరు అద్దానికి ఎప్పుడూ టేపు అతికించే ఉండేది. ఆ చప్పుడుకి నేను కళ్లు గట్టిగా మూసుకునేదాన్ని. ఈ ఉద్యోగం నావల్ల కాదని ఇంట్లో ఎన్నిసార్లు ఏడ్చానో.

ఆ రోజుల్లోనే గ్రానైటును తొలిచి చేసిన వాచీలు వచ్చాయి. ఆయన ముచ్చటపడి తెప్పించారు గానీ ఒక్కరూ కొనలేదు. అందరిదీ ఒకటే అనుమానం, పగిలిపోదా అని. పామర్రు నుంచి వచ్చిన ఒక రైతయితే అటూ ఇటూ తిప్పి చూసి, ఇది ఎన్నాళ్లుంటుందని నిలదీశాడు. ఖాదర్ గారికి రోషం వచ్చింది. అక్కడికక్కడే ఒకటి తన ఎడమచేతికి పెట్టుకుని, ఏడాది తర్వాత వచ్చి చూడమన్నారు. చిన్న పెచ్చు ఊడినా మిగతావన్నీ వెనక్కి పంపేస్తానని మాటిచ్చేశారు.

మర్నాడే నేను ఒకరి వాచీ ఇంకొకరికి ఇచ్చేశాను. ఆయన చెయ్యి పైకి లేచింది. నేను కళ్లు మూసుకున్నాను. ఎంతకీ చప్పుడు రాలేదు. తెరిచి చూస్తే చెయ్యి గాలిలోనే ఆగి ఉంది, ఆయన వాచీ వంక చూసుకుంటున్నారు.

“ఇంకా వీధి చివరే ఉండి ఉంటారు, వెళ్లి మార్చుకురా రూతమ్మా” అన్నారు.

చెయ్యి ఆగాక కోపానికి ఊతం లేకుండా పోయిందేమో, నెమ్మదిగా గొంతు కూడా తగ్గింది. కౌంటరుకి కొత్త అద్దం వేయించారు. నేనూ ఉద్యోగం మానే మాట మర్చిపోయాను.

ఏడాది తిరిగాక రైతు నిజంగానే వచ్చాడు. వాచీ మీద గీత కూడా లేదు. రాయంటే రాయేనని మెచ్చుకున్నాడు. అంతటితో ఊరుకుంటే సరిపోయేది. ఖాదర్ గారు నావైపు చూసి నవ్వి, ఉన్నమాట చెప్పేశారు.

“గీతలు పడవండీ, అది రాయి గొప్పే. గట్టిగా కొడితే మాత్రం పగులుతుంది. నేనే కొట్టడం మానుకున్నా.”

నా ప్రాణం ఉసూరుమంది. రైతు ఖాదర్ గారి చెయ్యి వంక ఇంకోసారి చూశాడు.

“అయితే మావాడికొకటి ఇవ్వండి. వాడిదీ దురుసు చెయ్యే.”

తర్వాత కొన్నేళ్లకు, దుకాణం మూసేసిన రోజున, ఖాదర్ గారు తన వాచీ విప్పి నాకిచ్చారు. నాకెందుకండీ, నాకు కోపం రాదుగా అన్నాను. పెళ్లయి పిల్లలు పుట్టాక చెప్పమన్నారు.

ఇద్దరు పుట్టారు. లోపలి మిషను రెండుసార్లు మార్పించాను గానీ రాయి అలాగే ఉంది. నిన్న మా చిన్నది ఇస్త్రీ చీర మీద పాలు ఒలకబోసింది. నా చెయ్యి పైకి లేచింది. అది కళ్లు మూసుకుంది.

చెయ్యి మెల్లగా దించి, గుడ్డ తెమ్మన్నాను.