స్పార్క్ లివర్ కిందికి ఉండగా

1994 సెప్టెంబరు చివరి రోజులు. శంషాబాద్‌లో బెంగుళూరు రోడ్డు పక్కన నాకొక రేకుల షెడ్డు ఉండేది. ఇప్పుడు విమానాలు దిగే వైపంతా అప్పట్లో ద్రాక్షతోటలు, మొక్కజొన్న చేలు. లారీల బ్రేకులు, జీపుల క్లచ్చులు నా రోజువారీ కూడు. ప్రాణం మాత్రం పాత బండ్ల మీద. పాతబస్తీలో ఉండే కరీం సాబ్‌కు వాళ్ల నాన్న కొన్న 1930 నాటి ఇంగ్లీషు కారు ఒకటి ఉండేది. జాన్ తప్ప, అంటే నేను తప్ప, ఇంకెవరూ దాని బానెట్ ఎత్తొద్దని సాబ్ అందరికీ చెప్పిపెట్టాడు. దాంతో నాకు కాస్త తలపొగరు కూడా ఉండేది, ఒప్పుకుంటాను.

ఆ ఆదివారం సాబ్, ఆయన స్నేహితులు ముగ్గురు తమ పాత బండ్లను ఊరి బడి మైదానంలో జనం చూడటానికి పెట్టారు. పన్నెండింటికి నాలుగు బండ్లూ స్టార్ట్ చేసి ఊరు చుట్టి రావాలని ఏర్పాటు. పొద్దున్నే సాబ్ నన్ను పక్కకు పిలిచాడు.

"జాన్, నీ నోరు జర అదుపుల పెట్టు. వచ్చేటోళ్లంత మన మెహ్మాన్‌లు. ఎవ్వర్ని ఒక్క మాట అనద్దు."

"సరే సాబ్" అన్నాను. చర్చి మానుకుని మరీ వచ్చినవాడిని, ఇంకేమంటాను!

జనం విరగబడి వచ్చారు. బండిని కళ్లతో చూసేవాళ్లు పదిమందైతే చేతులతో చూసేవాళ్లు వందమంది. ఒకాయన తాళంచెవితో మడ్‌గార్డు మీద టకటక కొట్టి "రేకు మందమే" అని మెచ్చుకున్నాడు. ఇంకొకడు గోరుతో గీకి రంగు అసలుదో కాదో తేల్చుకున్నాడు. ఒక పెద్దమనిషి హెడ్‌లైటులో మొహం చూసుకుంటూ తీరిగ్గా తల దువ్వుకున్నాడు. నేను గుడ్డ పట్టుకుని "అన్నా జర దూరం, బాపూ జర దూరం" అంటూ గానుగెద్దులా బండి చుట్టూ తిరిగాను. పదకొండు కాకముందే నా ఓపిక అడుగంటింది.

అప్పుడొచ్చాడు యాదగిరి. మంఖాల్‌లో ద్రాక్షతోట ఉన్న రైతు. తెల్లబట్టలు, భుజాన టవల్, వెంట కెమెరా పట్టుకున్న దోస్తులు ఇద్దరు. నేను ఇటు తిరిగి అటు చూసేలోగా తలుపు తీసి, బురద చెప్పులతోనే స్టీరింగ్ ముందు కూర్చున్నాడు.

"అన్నా, దిగు. లోపల కూసోనియ్యం."

"ఒక్క ఫోటో దిగి పోత. నీ బండి ఎత్కపోతనా ఏంది?" అంటూ బుడ్డి హారన్ పిండాడు. తర్వాత స్టీరింగ్ నడుమనున్న చిన్న లివర్ పట్టుకుని "ఇదేంది, ఎక్స్‌లేటరా?" అని కిందికి గుంజాడు.

"అది ముట్టకు! దిగు!"

"అరువకు. బండి తుడిసేటోనివి, తుడుసుకో. నీ సాబ్‌ను పిల్వు, ఆయనతోని మాట్లాడ్త."

చుట్టూ ఉన్నవాళ్లు ఘొల్లున నవ్వారు. వాళ్లలో నా దగ్గర జీపులు బాగుచేయించుకునేవాళ్లు కూడా ఉన్నారు. నా చెవులు కాలిపోయాయి. చెంప పగలగొడదామని చెయ్యి లేచింది. అవతల గొడుగు కింద నుంచి సాబ్ నన్నే చూస్తున్నాడు. చెయ్యి దించాను. యాదగిరి ఫోటోలు రెండు దిగి, దర్జాగా దిగాడు.

ఆ లివర్ సంగతి చెప్పాలి. దాన్ని స్పార్క్ లివర్ అంటారు. ఇంజన్‌లో పెట్రోలు ఎప్పుడు అంటుకోవాలో అది నిర్ణయిస్తుంది. ఆ బండిలో లివర్ పైకి ఉంటే ఆలస్యంగా, కిందికి ఉంటే ముందుగా అంటుకునేది. పరుగెత్తే బండికి ముందుగా అంటుకోవాలి. కానీ ముందువైపు క్రాంక్ హ్యాండిల్ పెట్టి చేత్తో తిప్పేటప్పుడు లివర్ పైకే ఉండాలి. లేకపోతే ఇంజన్ ఎదురు తిరిగి హ్యాండిల్‌ను ఉల్టా కొడుతుంది. కిక్ బ్యాక్ అంటాం. మణికట్టు పుటుక్కుమంటుంది. అందుకే హ్యాండిల్ తిరిగే ముందు లివర్ మీద చెయ్యి వేసి చూడాలన్నది మా మేస్త్రీ నాకు నేర్పిన మొదటి పాఠం.

పన్నెండయింది. బ్యాటరీ నీరసంగా ఉండటంతో హ్యాండిల్ తీశాను. యాదగిరి మళ్లీ వచ్చి నా చేతిలోంచి లాక్కున్నాడు.

"జరుగు. మా తోటల ఇంజన్ రోజు నేనే తిప్పుత. గింత బండికి గన్ని నకరాలా?"

"వద్దన్నా. ఇది డీజిల్ ఇంజన్ లెక్క కాదు."

"నీకు శాతనైతది గని నాకు కాదా?"

జనం ఈలలు వేశారు. సాబ్ దూరం నుంచే "తిప్పనియ్ జాన్" అన్నాడు. జాన్ లివర్ చూడకుండా ఉండడని ఆయన ధీమా.

డ్రైవర్ తలుపు దగ్గరికి వెళ్లాను. లివర్ కిందికే ఉంది. చూశాను. చూడలేదని ఇన్నేళ్ల తర్వాత అబద్ధమాడను. యాదగిరి బొటనవేలిని హ్యాండిల్ చుట్టూ మడిచి పిడికిలి బిగించాడు. మేం బొటనవేలిని మిగతా వేళ్ల పక్కనే ఉంచుతాం, హ్యాండిల్ ఉల్టా కొడితే చెయ్యి జారి బయటపడుతుందని. అదీ చూశాను.

స్విచ్ వెయ్యకుండా రెండు చుట్లు తిప్పితే పెట్రోలు లోపలికి వస్తుంది. యాదగిరి ఒక చుట్టు తిప్పాడు. లివర్ నా చేతికి జానెడు దూరంలో ఉంది. పైకి తోస్తే చాలు. రెండో చుట్టు తిప్పాడు. నడుం నిటారుగా చేసి, దోస్తుల వైపు చూసి నవ్వాడు.

"తుడిసేటోడా, ఇగ స్విచ్ వెయ్!"

వేశాను.

యాదగిరి మళ్లీ బలంగా తిప్పాడు. హ్యాండిల్ వెనక్కి తన్నింది. అరుపు కంటే ముందు ఎముక చప్పుడు వినిపించింది. యాదగిరి మోకాళ్ల మీద కూలబడి చెయ్యి కడుపుకు అదుముకున్నాడు. తెల్లబట్టలు మట్టిలో పొర్లాయి. సాబ్ పరుగెత్తుకొచ్చి తన రుమాలుతో చెయ్యి మెడకు కట్టి, జీపులో దవాఖానకు పంపించాడు. జనమంతా నా పక్షమే. "జాన్ వద్దనే అన్నడు, ఇంటెనా?" అన్నారు.

సాబ్ లోపలికి తొంగి చూశాడు. "లివర్ చూసినవా, జాన్?"

"లేదు సాబ్. గొడవల మర్చిపోయిన" అన్నాను. ఆయన నమ్మాడు.

పదిరోజుల తర్వాత యాదగిరి నా షెడ్డుకు వచ్చాడు. కుడిచేతికి మోచేతి దాకా పిండికట్టు, ఎడమచేతిలో మొక్కజొన్న కంకుల సంచి. కొట్లాటకొచ్చాడనుకున్నాను.

"అన్నా, తప్పు నాదే. ముట్టకుమని నువ్వు మొత్తుకున్నవ్, నేను ఇనలే. నలుగుర్ల నిన్ను తుడిసేటోడన్న. గది మనసుల పెట్టుకోకు" అన్నాడు. సంచి బల్ల మీద పెట్టి, "కత్తిరింపుల టైంల చెయ్యి గిట్లయింది. మా ఆమె ఒక్కతే చేస్తున్నది. ఈ పదిదినాలల తీగ కత్తిరించకుంటే ఈయేడు కాత లేదు" అన్నాడు.

అతన్ని అలా వెళ్లనిచ్చి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. కానీ ఆ సంచి అందుకోవడానికి నాకు చెయ్యి రాలేదు.

"యాదగిరీ, లివర్ కిందికున్నది నేను చూసిన. చూసే స్విచ్ వేసిన."

"చూసినవా?"

"చూసిన."

"చెయ్యి ఇరుగుతదని ఎర్కేనా?"

"ఎర్కే."

"నాలుగు తిట్టకపోతివా అన్నా? కొట్టినా పడుదు గదనే" అన్నాడు. కంకుల సంచి అక్కడే వదిలేసి రోడ్డెక్కాడు. దానికంటే నన్ను నాలుగు తన్ని పోయినా బాగుండేది.

ఆ సాయంత్రమే సాబ్‌కు నిజం చెప్పాను. ఆయన తిట్టలేదు. "బండి తాళాలు ఇటియ్యి" అన్నాడు. ఏడాది దాకా తిరిగి ఇవ్వలేదు.

మర్నాడు షెడ్డు మూసి మంఖాల్ వెళ్లాను. యాదగిరి భార్య నన్ను ఎగాదిగా చూసి, కత్తెర చేతికిచ్చింది. ద్రాక్ష పందిరి కింద నిలబడి మెడలు ఎత్తి తీగ కత్తిరించడం నాకు తెలియని పని. యాదగిరి వెనక నిలబడి "గాడ కాదు, గీ కన్ను మీద" అని తీగ మీది మొలక చూపించేవాడు. నన్ను క్షమించలేదు, నేను అడగనూ లేదు.

రెండో రోజు మధ్యాహ్నానికి చేతులు తిమ్మిరెక్కాయి. పైన ఆకుల్లోంచి ఎండ కళ్లలో పడుతోంది. తీగ పట్టుకుని కత్తెర నొక్కబోతున్నాను.

"ఏలు తియ్!" అని వెనక నుంచి పెద్ద కేక.

ఆగాను. నా ఎడమ బొటనవేలు కత్తెర రెండు అలుగుల నడుమ ఉంది, చర్మం మీద గాటు కూడా పడింది. తిరిగి చూసేసరికి యాదగిరి మొహం తిప్పుకుని అవతలి సాలుకు వెళ్లిపోతున్నాడు. అతని కోపం ఇంకా అలాగే ఉంది. అయినా ఆ మాట అనడానికి అతనికి రెప్పపాటు కూడా పట్టలేదు. నాకు మైదానంలో హ్యాండిల్ రెండు చుట్లు తిరిగేంత సమయం ఉండింది.