మంట మీదికి పట్టా

టెన్త్ పరీక్షలయిన మర్నాడు. ప్రత్తిపాడు దగ్గర మా కల్లంలో మిరపకాయలు ఎండబోశాం. పక్క చేలో ఎవరో పత్తికట్టె తగలబెడుతున్నారు. ఉన్నట్టుండి గాలి మళ్ళింది. గట్టు మీది ఎండుగడ్డి అంటుకుని మంట మా మీదికి ఉరికొచ్చింది!

"పట్టాలు కప్పండే!" అని అరిచింది అమ్మ. వానొస్తే చేసే పనే చేశాం. అమ్మ, అక్క, నేను కాయల మీద ప్లాస్టిక్ పట్టా లాగి, ఎగరకుండా రాళ్ళు కూడా పెట్టాం.

"ఒసేయ్, వచ్చేది వానటే?" అని నాయనమ్మ కేక పెట్టింది. అంతలోనే నిప్పురవ్వ పడి, నా చేతి పక్కనే పట్టా కరిగి ముడుచుకుపోయింది. అక్క నా రెక్క పట్టి వెనక్కి లాగింది. నాన్న ట్రాక్టరుతో వచ్చి మంటకి అడ్డంగా దున్నేయబట్టి బతికిపోయాం.

ఇప్పటికీ మబ్బు పట్టి అమ్మ "పట్టా!" అంటే అందరూ పైకి చూస్తారు. నేను మాత్రం పొగేమన్నా ఉందేమోనని చేల వైపు చూస్తాను.