దేవుని పటం వెనక బిళ్లలు

మొన్న దేవుని గూడు తుడుస్తుంటే పటం వెనక నుంచి మాత్రల అట్ట ఒకటి జారి కాళ్ల దగ్గర పడింది. నాలుగు బిళ్లలు ఇంకా అట్లాగే ఉన్నాయి. చుట్టూ ఎవరూ లేకపోయినా నాకు సిగ్గేసింది.

రెండు వేల ఆరో, ఏడో. వేంపల్లెలో మాకు కిరాణా అంగడి ఉండేది. మా ఆయన రోజుకు రెండు కట్టల బీడీలు తాగేవాడు. దగ్గు ముదిరితే డాక్టరమ్మ మానమని చెప్పి, నమలడానికి బిళ్లలు రాసిచ్చింది. నేను ఇంకో అడుగు ముందుకేసి, ఆయన్ను మహానందికి తీసుకుపోయి, గుండంలో ముంచి, ఇక పొగాకు ముట్టనని మొక్కించాను. ఇంటికొచ్చి చూస్తే అట్ట మీద నికోటిన్ అని ఉంది. అది పొగాకులో ఉండేదేనని మందుల అంగడాయన చెప్పాడు. ఇంకేముంది, బిళ్ల నమిలితే మొక్కు తప్పినట్టేనని తీర్పు చెప్పి, అట్టలన్నీ పటం వెనక దాచేశాను. నా పదో తరగతి చదువు అంతవరకే పనికొచ్చింది.

అంగడి గుంజకు, వచ్చినవాళ్లు బీడీ ముట్టించుకోవడానికి, నిప్పు తాడు వేలాడుతుండేది. బీడీలు అమ్మేదీ ఆయనే, ఆ పొగ మొహాన కొట్టించుకునేదీ ఆయనే. గల్లాపెట్టె వెనక కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకున్నాడు. నిద్ర లేదు. ఉప్పు అడిగినవాళ్ల మీద కూడా అరుపులు. నెల తిరిగేసరికి ఆ అరుపులూ పోయాయి, మాటే లేదు. ఒక మధ్యాహ్నం కందిపప్పు ఒలికిపోయిందని, బస్తాలు అవలీలగా ఎత్తే మనిషి, నేల మీద కూర్చుని ఏడ్చాడు.

"ఈ అంగట్లో పెట్టి నాకు బీగమేసినట్టుండాదే. బతకబుద్ధి కావడంల్యా" అన్నాడు.

పరుగున డాక్టరమ్మ దగ్గరికి పోయాను. మొక్కు సంగతి విని ఆమె తల పట్టుకుంది.

"బీడీ మానినాక కొన్నాళ్లు మనసు కుంగుతాదమ్మా. దాన్ని దాటించేకే ఆ బిళ్లలు. దాటినాక ముందుకన్నా నిమ్మళంగా ఉంటాడు. అయినా ఆయప్ప పొగ మానతానని మొక్కినాడా, ఏడుస్తానని మొక్కినాడా?"

ఇంటికొచ్చి అట్టలు చేతిలో పెట్టాను. ఆయన ఒక్క బిళ్ల తీసుకుని మిగతావి మళ్లీ పటం వెనకే పెట్టాడు. "ఈడే ఉండనీ. దేవుడు చూస్తాండగానే తింటా" అన్నాడు. డాక్టరమ్మ చెప్పినట్టే నెల నెలకూ బిళ్లలు తగ్గాయి, నిద్ర తిరిగొచ్చింది. పప్పు కొలుస్తూ ఆయన ఈల వేయడం విన్న రోజు, నేను లోపల కూర్చుని ఏడ్చాను. నిప్పు తాడు ఆయనే కోసి పారేశాడు.

మొన్న అట్ట చూపిస్తే "ఇంగా పారేయలేదా?" అని నవ్వాడు. బీడీ ఆయన్ను వదలడానికి ఏడాది పట్టింది. నెల రోజులు మందును దేవుని వెనక దాచి ఆయన్ను ఏడిపించిన సంగతి మాత్రం ఇన్నేళ్లయినా నన్ను వదల్లేదు.