రివర్స్ తాత

కారులో పసిపిల్లలెవరైనా ముందుకు తిరిగి కూర్చున్నారంటే మావయ్య ప్రాణం ఊరుకోదు. తన మనవడే కానక్కర్లేదు, సిగ్నల్ దగ్గర పక్కన ఆగిన కారులోని పిల్లయినా సరే, కిటికీ తట్టి మరీ సీటు వెనక్కి తిప్పమంటాడు. పేటంతా కలిసి ఆయనకు పెట్టిన పేరు రివర్స్ తాత.

అలాంటి మనిషికి సెలూన్ ఉండటం జనం చేసుకున్న పాపం. గడ్డం కింద కత్తి పెట్టాకే మొదలుపెడతాడు.

"మీ బుడ్డోడు ఏ వైపు చూస్తాడు?"

"ముందుకే. రెండేళ్లు నిండాయిగా."

కత్తి ఆగుతుంది. "వాడి మెడ ఎంతండీ? తలకాయేమో గుమ్మడికాయంత. బండి గుద్దుకుంటే ఆ తల ముందుకు విసురుకుపోతుంది. వెనక్కి తిరిగి ఉంటే తలనీ వీపునీ సీటే కాస్తుంది."

"కాళ్లు ముడుచుకోవాలి కదా."

"ముడుచుకోనీ. కాళ్లు నొప్పెడితే ఏడుస్తాడు. మెడకేమన్నా అయితే ఏడవడానికి కూడా ఉండడు."

సగం గీసిన గడ్డంతో ఎదురు వాదించే మొనగాడు ఇంకా పుట్టలేదు.

ఇదంతా విని కోడలు ఒకప్పుడు పడీపడీ నవ్వేది. ఆమె భర్త కూడా "మా నాన్నది చాదస్తం" అంటూనే కొడుకు సీటు వెనక్కే ఉంచాడు. కిందటి వానాకాలం ఎదురుగా వచ్చిన లారీ అతణ్ని తీసుకుపోయింది. వెనక సీటులో పిల్లవాడు ఒంటిమీద గీత లేకుండా దొరికాడు. "నేను చెప్పలేదూ" అనే మాట మావయ్య నోట ఎవరూ వినలేదు. సెలూన్లో ఉపన్యాసం మాత్రం ఇంకాస్త పొడుగైంది.

ఇప్పుడు పిల్లవాణ్ని బేబీ కేర్‌లో దింపి ఆఫీసుకు వెళ్లాల్సింది కోడలే. ఎంత వెనక్కి చూసినా ఆమెకు సీటు వీపే కనిపిస్తుంది. వాడు కాసేపు కిక్కురుమనకపోతే చాలు, బండి పక్కకు ఆపి, దిగి, వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది. అలా ఆగి ఆగి వెళ్లేసరికి ఉద్యోగం ఊడేదాకా వచ్చింది.

ఒక ఆదివారం తెగించి చెప్పేసింది.

"మావయ్యా, సీటు ముందుకు తిప్పేస్తాను."

"వద్దమ్మా."

"నాకు వాడి మొహం కనపడాలి మావయ్యా. ఆ రోజు ఆయన వెళ్తుంటే నేను వంటింట్లోంచి తల కూడా ఎత్తలేదు. ఇక వీడి మొహం చూడకుండా బండి నడపడం నావల్ల కాదు."

మావయ్య వాదించలేదు. ఆమెకు భయం వేసింది. వాదించని మావయ్యను ఆమె అంతకుముందు ఒక్కసారే చూసింది, ఆస్పత్రి వరండాలో.

మర్నాడు ఆయన సెలూన్ తెరవలేదు. పొద్దున్నే కారులో దూరి, చాలాసేపటికి చెమటలు కక్కుతూ బయటికొచ్చాడు. మనవణ్ని తెచ్చి వాడి సీటులో వెనక్కే కూర్చోబెట్టి బెల్టు బిగించాడు. కోడలు విసురుగా వచ్చి డ్రైవరు వైపు తలుపు తెరిచింది.

"కూర్చుని ముందున్న అద్దంలోకి చూడు," అన్నాడు.

చూసింది. పిల్లవాడికి ఎదురుగా, వెనక సీటు పైభాగాన, కత్తి పదునుపెట్టే తోలుపట్టీలతో బిగించిన అద్దం ఒకటి ఉంది.

"గాజు కాదులే, పగలదు. ఎంత లాగినా ఊడదు. వెనక జుట్టు ఎలా కత్తిరించానో కస్టమర్లకి చూపించేది ఇలాగే. ఒక అద్దంలోంచి ఇంకో అద్దం."

ఆ అద్దంలోంచి ఈ అద్దంలోకి వచ్చాడు పిల్లవాడు, కాళ్లు ముడుచుకుని, బొటనవేలు నోట్లో పెట్టుకుని. నుదురు అచ్చం వాళ్ల నాన్నదే. కోడలికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. కళ్లు తుడుచుకుని, మావయ్య పక్కన ఎక్కాక బండి కదిలించింది. వీధి చివరికి వచ్చినా ఆమె చూపు అద్దం వదల్లేదు.

పక్క సీటులో మావయ్య చిన్నగా దగ్గాడు.

"చూసుకో తల్లీ, కరువు తీరా చూసుకో. మధ్యమధ్యలో రోడ్డు కూడా చూస్తుండు."