పై సరస్సు దారిలో రాళ్ళు

వ్యాన్ డ్రైవర్లలో అతన్ని అందరూ 'నిదానం' అనేవాళ్ళు. ఇరవై రెండేళ్ళుగా కొండల్లో జనాన్ని తిప్పుతున్నా బండికి ఒక్క గీత పడనివ్వలేదు మరి. ఎవరెక్కినా అదే ఐదు రోజుల చుట్టు. మొదటి రోజు లోయ, తర్వాత కనుమలూ కింది సరస్సులూ, నాలుగో రోజు అన్నిటికంటే ఎత్తున ఉన్న పై సరస్సు, ఐదో రోజు తిరుగుదారి. ఏ మలుపులో ఎవరికి వాంతి అవుతుందో మనిషి ముఖం చూసి చెప్పేసేవాడు.

పై సరస్సు దగ్గరే డ్రైవర్లకు చిక్కు. నలభై మలుపులు ఎక్కాలి, మళ్ళీ నలభై దిగాలి, నడుములు విరిగిపోతాయి. అందుకని వాళ్ళలో వాళ్ళకు ఒక ఏర్పాటు ఉంది. దారి చీలేచోట, టీ కొట్టు దగ్గర, ఒకడు పైన రాళ్ళు పడ్డాయంటాడు. పక్కవాడు పొద్దున్నే కళ్ళారా చూశానంటాడు. మూడోవాడు ఊరికే తలాడిస్తాడు. ముగ్గురు చెప్పాక ఎవరైనా నమ్మి తీరాల్సిందే. ఒకడి కోసం ఒకడు ఇలా సాక్ష్యం చెప్పడం వాళ్ళ దృష్టిలో స్నేహధర్మం. ఏం ధర్మమో ఏమో! నిదానం కూడా ఏడాదికి రెండు మూడుసార్లు ఆ మాట వాడుకునేవాడు.

వానలు వెలిశాక ఒకసారి ఇద్దరే ఎక్కారు. రిటైరైన భూగోళం టీచరమ్మ, ఆమె చెల్లెలి కూతురు. టీచరమ్మ ముందు సీట్లో అతని పక్కనే కూర్చుంది. ముప్పై మూడేళ్ళు నల్లబల్ల మీద ఈ కొండల్నీ సరస్సుల్నీ సుద్దముక్కతో గీసిందట గానీ ఒక్కటీ కళ్ళతో చూడలేదట. ఇక ప్రశ్నలే ప్రశ్నలు. ఆ తెల్లటిది మంచా, మబ్బా? ఈ ఏరు ఎటు పోతుంది? మలుపు మలుపుకూ బండి ఆపమనేది. దిగి, కళ్ళు చికిలించుకుని, కదలకుండా నిలబడిపోయేది. మొదటి రోజు అతనికి నవ్వొచ్చింది. రెండో రోజు విసుగొచ్చింది. నాలుగో రోజుకు నడుము పట్టేసింది.

టీ కొట్టు దగ్గర ఆగేసరికి మాట దానంతటదే నోట్లోంచి వచ్చేసింది. పైన రాళ్ళు పడ్డాయంటమ్మా, అన్నాడు. బల్ల మీద కూర్చున్న ఇద్దరు డ్రైవర్లు అడక్కుండానే అవునవునన్నారు. టీచరమ్మ గ్లాసు పట్టుకుని పైదారి వంకే చాలాసేపు చూసింది. అతను వెళ్ళి హాయిగా వెనక సీట్లో నడుం వాల్చాడు.

మర్నాడు సాయంత్రం వాళ్ళింటి ముందు పెట్టెలు దించుతున్నాడు. టీచరమ్మ తాళంకప్పలో చెవి పెట్టలేక తడుముకుంటోంది. చెల్లెలి కూతురు గొంతు తగ్గించి చెప్పింది. పెద్దమ్మ కళ్ళ నరాలు ఎండిపోతున్నాయట. ఇంకో ఆరు నెలలు చూపుంటే గొప్ప అన్నారట డాక్టర్లు. అది పోయేలోగా పై సరస్సు చూడాలనే ఈ ప్రయాణమంతా. రాళ్ళు పడితే మీరు మాత్రం ఏం చేస్తారులెండి, అని తిరిగి అతన్నే ఓదార్చింది. ఈలోగా టీచరమ్మ వచ్చి అతని చెయ్యి పట్టుకుంది.

"ఇంకొకరైతే నా ముచ్చట కోసం పైకి ఎక్కించి ప్రాణాల మీదకు తెచ్చేవాళ్ళు. ఉన్నమాట చెప్పి ఆపావు నాయనా. చల్లగా ఉండు."

అతనికి తల కొట్టేసినట్టయింది. అప్పుడే చెప్పేస్తే తెల్లారి వెనక్కి తీసుకెళ్ళొచ్చు. అయినా వస్తానమ్మా అని బండెక్కి వచ్చేశాడు.

ఆ తర్వాత అన్నం సయించలేదు. వారానికి భార్య నిలదీస్తే మొత్తం కక్కేశాడు. ఆవిడ నోటికి హద్దులేని మనిషి, ఆ రోజు మాత్రం తిట్టలేదు. రేపే వెళ్ళి ఆవిణ్ణి తీసుకెళ్ళమంది. రేపన్నాడు. ఆ రేపు బండి ఓనరు వేరే చుట్టు వేశాడన్నాడు. ఆ తర్వాత బ్రేకులు చూపించాలన్నాడు. అసలు సంగతి ముఖం చెల్లకపోవడం, అంతే. వెళ్తే అబద్ధం ఒప్పుకోవాలిగా. ఇలా మూడు వారాలు నాన్చాడు పిరికివాడు. ఈలోగా మంచు కురిసి పైదారికి నిజంగానే గేటు వేసేశారు. ఆ కబురు విన్న రోజు షెడ్డులో బండి చక్రానికి ఆనుకుని కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. గేటు ఎప్పుడు తీస్తారని చలికాలమంతా అతను అడగని మనిషి లేడు.

తీసిన వారమే సెలవు పెట్టి, ఓనర్ని బతిమాలి బండి తీసుకుని టీచరమ్మ గుమ్మంలో దిగాడు. దారి బాగైందమ్మా, తీసుకెళ్తాను, అన్నాడు. అదీ అబద్ధమే! ఆమె గోడ పట్టుకుని నడుస్తోంది. వెలుగూ నీడా తప్ప ఏమీ తెలియడం లేదంది. అయినా వస్తానంది. నాలుగు రోజుల దారిలో ఈసారి ఒక్క ప్రశ్న అడగలేదు. ఎక్కడా ఆపమనలేదు. ఆ నాలుగు రోజులూ అతను ముళ్ళ మీద కూర్చున్నట్టే నడిపాడు.

నలభై మలుపులూ ఎక్కాక, చెయ్యి పట్టి సరస్సు గట్టు దాకా నడిపించాడు. చల్లగాలి ముఖాన కొట్టింది. ఆమె గుండెల నిండా పీల్చుకుని నవ్వింది. ఆ నవ్వు చూశాక ఇక ఆగలేకపోయాడు.

"టీచరమ్మా, అప్పుడు రాళ్ళేం పడలేదు. నడుం నొప్పిగా ఉందని నేనే అబద్ధం చెప్పాను."

ఆమె నవ్వు ఆగిపోయింది. అతని చేతిలోంచి తన చెయ్యి తీసేసుకుంది. చెంప మీద ఒక్కటిచ్చినా బాగుండుననుకున్నాడు.

"అప్పటికి నాకు రంగులు తెలిసేవి," అంది చివరికి.

తర్వాత నీళ్ళవైపు తిరిగి, ఏ రంగులో ఉన్నాయో చెప్పమంది. నీలమన్నాడు. ఏ నీలమని అడిగింది. ఏం చెప్తాడు? ఇరవై రెండేళ్ళలో ఇక్కడికొచ్చిన ప్రతిసారీ సీటు వాల్చి నిద్రపోయిన మనిషి.

"సరిగ్గా చూసి చెప్పు. నాకేం తొందర లేదు," అంది.

చూద్దామంటే కళ్ళ నిండా నీళ్ళు. ఎంత తుడుచుకున్నా ఆగవే!