చెప్పుల కాడి గొంతు

ఆ రోజుల్లో నాకు రెండు నమ్మకాలుండేవి. ఎనిమిదో తరగతితో బడి వదిలేసినా గొంతు మాత్రం నన్ను వదల్లేదనేది ఒకటి, ఫోను అబద్ధం చెప్పదనేది రెండోది. రెండోది ఇప్పటికీ నమ్ముతాను. ఫోను చెప్పదు, విన్నవాళ్లే చెబుతారు.

పగలు కల్లూరులో వెల్డింగ్ షాపు, సాయంత్రం మా వీధి భజన గుంపు. ఏటా ఉత్సవాలకు ఒంటిమిట్ట పోయి ఒకే పాత రామకీర్తన పాడేవాళ్లం. హార్మోనియం తాత ముందు ఎత్తుకుంటే మేమంతా కలిసి అందుకోవాలి. తాత దాన్ని ఫోనులో రికార్డు చేసుకొచ్చి, భజన మందిరంలో సౌండు పెట్టెకు తగిలించి, ఏ ఏడు ఎట్లా పాడామో పోల్చి చూసేవాడు. నేను చేరిన ఏడాది, పాట పైకెక్కే చోట ఒక గొంతు పలుపు తెంచుకున్న దున్నపోతు మాదిరి పక్క చేన్లో పడింది. "ఎవరప్పా అది?" అన్నాడు తాత. అందరూ కొత్తవాణ్ణయిన నా వైపు చూశారు. మాకు పట్టంచు పంచెలు కొనిచ్చి, బస్సు మాట్లాడే పంచెల మామ అందరికంటే ముందు చూశాడు. (ఒక్క క్షణం నన్ను నేనే అనుమానించాను.)

"వచ్చే ఏడు పెదాలు మాత్రం ఆడించు సామీ, గొంతు ఇంట్లో పెట్టి రా" అన్నాడు తాత. ఆడించాను. రాముడి ముందు చేప మాదిరి నోరు తెరిచి మూశాను. ఏడుపొచ్చింది, అదీ శబ్దం లేకుండానే. తీరా వింటే అదే చోట అదే దున్నపోతు! రెండు రికార్డులూ ఒకదాని వెంట ఒకటి పెట్టించి, "తాతా, ఈసారి నేను మూగోణ్ణి గదా, మరి ఇదెవరు?" అన్నాను. చెవులున్న ప్రతివాడికీ తెలుసు. పంచెల మామే గొంతు సవరించుకుని, "వీడు పక్కన నిలబడితే నాకు శానా తేడా కొడతాది తాతా" అన్నాడు.

"రాముడు గూడా నీకు ఎదురుగానే ఉండాడు గదా మామా, ఆయన్ను గూడా తీసేద్దామా?"

ఆ మాటతో గుంపులో నా చోటు పోయింది.

మూడో ఏడు బస్సెక్కనిచ్చారు గానీ, గుడి బయట చెప్పులకు కాపలా పెట్టారు. తిరిగొచ్చి రికార్డు వింటే, దున్నపోతు క్షేమం. మందిరం గడప దగ్గర నిలబడి, ఇప్పుడైనా తాత నన్ను లోపలికి పిలుస్తాడని చూశాను. తాత నన్ను చూశాడు, మామను చూశాడు, తన ఒంటి మీది పట్టంచు చూసుకున్నాడు.

"వీడు చెప్పుల కాడ నిలబడి పాడినట్లుండాడప్పా. లోపలికి వినపడిండాది."

అందరూ తలలూపారు.

ఆ మూడు రికార్డులూ అడిగి తెచ్చుకున్నాను, ఇప్పటికీ నా ఫోనులో ఉన్నాయి. మొదటిదాన్లో, అందరూ ఊపిరి తీసుకునే చోట నా గొంతు ఒక్కటే కాస్త ముందుగా లేస్తుంది. శ్రుతిలోనే ఉంది. రాముడు తన కోసమే చెవి పెట్టుకుని కూర్చున్నాడన్నట్టు ఎంత తొందరో ఆ పిల్లోడికి! నవ్వుకుని అక్కడికి ఆపేస్తాను. ఆ తర్వాత మామ వస్తాడు.